నది నిలబడ్డ ఊరు

లాన్ నది నిలబడి ఉంది.

ఎర్వాన్ రేవులో మెట్లన్నీ దిగి ఆఖరి మెట్టు మీద ఆగితే నది ముక్కుకు తగులుతుంది. అక్కడి నుంచి నిటారుగా పైకి వెళ్ళి మబ్బుల్లో కలుస్తుంది. ఒక్క చుక్క కూడా కింద పడదు. పడవలు గోడ మీద బల్లుల్లా దాన్ని పట్టుకుని ఉన్నాయి. చేపలు కొత్త పద్ధతికి అలవాటు పడ్డాయి. అలవాటు పడనిది మనుషులే.

ఇలా ఎందుకయిందో ఊళ్ళో అందరికీ తెలుసు. కొత్త మండలాధికారి వెయ్ జుంగ్ పల్లకీ ఈ దారిన వెళ్ళింది. పల్లకీ ముందు కంచుగంట కొట్టేవాడు "అయ్యగారి ఆజ్ఞ! అందరూ లేచి నిలబడండి!" అని అరిచాడు. అందరూ అన్నాడు కాబట్టి అందరూ లేచారు. మనుషులు లేచారు. కుక్కలు వెనక కాళ్ళ మీద లేచాయి. చాపలు లేచాయి, తక్కెళ్ళు లేచాయి, నది కూడా లేచింది. పల్లకీ వెళ్ళిపోయింది. కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

అప్పటి నుంచి కూర్చుందామంటే ఎవరి మోకాళ్ళూ వంగడం లేదు. నిద్రొస్తే స్తంభాలకు కట్టేసుకుని నిద్రపోతున్నారు. స్తంభాలు దొరకనివాళ్ళు ఒకరికొకరు కట్టుకుంటున్నారు.

రేవు పెద్ద గూ, పడవలు నడిపి నడిపి భుజాలు కాయలు కాసిన మనిషి, పాన్ దువో ఇంటికి వస్తాడు.

"ఒరే దువో, మీ పిన్ని పడవలో ఉండిపోయిందిరా, ఆ పైన. అన్నం పెట్టమని కేకలేస్తోంది. ముద్ద చేసి విసురుతున్నాను, సగం దూరం పోయేసరికి నది తినేస్తోంది. ఏదో ఒకటి చెయ్యి."

"చేస్తాను బాబాయ్," అంటాడు పాన్ దువో. "దీనికి అంత మొహం వేలాడేసుకోవాలా?"

పాన్ దువో ఆ ఊరి మోసగాడు. ఊరు పిల్లలకు గొప్పగా చెప్పుకునే మోసగాడు. ఒకసారి పులి ఎదురైతే దాని ఒంటి చారలు చూపించి, ముసలితనం ముంచుకొచ్చి ఎన్ని ముడతలు పడ్డాయో చూసుకున్నావా అని అడిగి, అది ఏడుస్తూ అడవిలోకి పోయేలా చేశాడు. ఇంకోసారి యమభటులు వచ్చి పాన్ దువో ఎవరని అడిగితే, నేను అతని నీడను, మనిషి సంతకెళ్ళాడు అని చెప్పి సంతకు దారి చూపించాడు. వాళ్ళింకా సంతలోనే ఉన్నారు. ఆకుకూరలు అమ్మే వైపు ఎవరికైనా కనిపిస్తుంటారు.

ఇంట్లో అతనికి అమ్మ ఒక్కతే. ఆకులు రాలే కాలం నుంచి ఆమె మంచం మీదే ఉండేది. గంట మోగినప్పుడు ఆమె కూడా లేచి, గబగబా నడిచి వెళ్ళి పొయ్యి పక్కన నిలబడింది. ఆమె లోపలి జబ్బు కూడా లేచి నిలబడింది. పడుకుని ఉన్నంతకాలం అది ఆమె గుండెల మీద కాళ్ళు చాపుకుని ఉండేది. నిలబడేసరికి కాస్త చోటు దొరికింది. ఆమె మాట్లాడుతోంది, గంజి కాస్తోంది, ఎవరింట్లో ఏం జరిగిందో అడుగుతోంది.

"నడుం వాల్చాలిరా," అంటుంది కొడుకుతో.

"వాలుస్తావులేమ్మా."

"వాలిస్తే మళ్ళీ లేవను. నాకు తెలుసు, నీకూ తెలుసు. ఎప్పుడో అయిపోవలసిన పని ఇది. పులిని మోసం చేశావు, యముణ్ణి మోసం చేశావు, బాగానే ఉంది. నన్ను మాత్రం చెయ్యకు."

"నిన్నెందుకు చేస్తాను?" అంటాడు పాన్ దువో, ఒంటికాలి మీద నిలబడి చెప్పులు తొడుక్కుంటూ. చెప్పులకు అంతసేపు పట్టనవసరం లేదు.

దారిలో అతను ఉత్సాహంగా ఉన్నాడు. దారి కూడా అక్కడక్కడా నిలబడే ఉంది. నిచ్చెన ఎక్కినట్టు దాన్ని ఎక్కుతాడు, అవతలి వైపు జారుతాడు. వంతెనలు ఒంటికాలి మీద కొంగల్లా ఉన్నాయి. వాటి పక్క నుంచి నడుస్తూ అతను ఆలోచిస్తాడు.

అధికారి నోట కూర్చోమనే మాట రావాలి. పడుకోమనే మాట రాకూడదు. కూర్చున్న ఊరు బతికిపోతుంది. కూర్చున్న నది మీద పడవలు ఎలాగో తిరుగుతాయి. అమ్మ పొయ్యి పక్కన పీట మీద కూర్చుంటుంది, ఎన్నేళ్ళైనా సరే. ఇందులో ఎవరికీ మోసం లేదు. అడిగినదానికంటే కాస్త తక్కువ తేవడం మోసం కాదు. అతను ఈల వేసుకుంటూ నడుస్తాడు.

కచేరీ భవనం కూడా గుమ్మం వైపు అంచు మీద లేచి నిలబడి ఉంది. అందువల్ల గుమ్మం అడుగున ఉంది, అధికారి వేదిక పైన ఉంది. పాన్ దువో దీపాలు తగిలించే కొక్కేలు పట్టుకుని పైకి వెళతాడు. మధ్యలో గుమాస్తాలు గోడ అంచుల మీద నిలబడి పని చేసుకుంటున్నారు. ఒకడు మర్యాదగా పక్కకు జరిగి దారి ఇస్తాడు.

వెయ్ జుంగ్ పొడుగాటి మనిషి. వేదిక మీద నిలబడి ఉన్నాడు. ఆయన వెనక ఆయన కుర్చీ వెనక కాళ్ళ మీద నిలబడి ఉంది. ఆయన పాదాలు వాచి, బూట్ల అంచుల మీదుగా పొంగిన అన్నంలా బయటికి వచ్చాయి.

"పాన్ దువోవి కదూ!" అంటాడు, మొహం విప్పారుతూ. "నీ పులి కథ మా దాది చేత ఎన్నిసార్లు చెప్పించుకున్నానో. ఇలా దగ్గరికి రా. ఏం పని?"

"మా ఊళ్ళో ఈ వస్తువు దొరికిందండి," అని పాన్ దువో సంచిలోంచి ఒక పీట తీస్తాడు. "దేనికి వాడతారో మాకెవరికీ తెలియడం లేదు. తమరు చదువుకున్నవారు."

"కూర్చోవడానికి," అంటాడు వెయ్ జుంగ్.

పెరట్లో ఒక కుక్క మోకాళ్ళు సగం వంచి, ఆలోచించి, మళ్ళీ నిటారుగా అవుతుంది.

అధికారి నవ్వుతాడు. "నా చేత ఆ మాట అనిపించడానికి వచ్చావు. అంతేనా? దానికి ఇంత దూరం నడవాలా? ఇదిగో: కూర్చో. కూర్చో. కూర్చో. ఎవరైనా కూర్చున్నారా?"

"లేదండి."

"ఎందుకంటే నేను నీకు ఆ మాట చూపించానంతే. ఇవ్వలేదు. చూపించిన అన్నంతో కడుపు నిండదు."

"మరి ఇవ్వరాదూ?"

"ఎవరికివ్వను? నేను నిలబడి ఉండగా కూర్చోదగినవాడు ఈ మండలంలో పుట్టలేదు."

అది నిజమేనని పాన్ దువో ఒప్పుకుంటాడు. పైగా ఇంకో చిక్కు ఉంది. "కూర్చో" అన్న మాట ఒక్క మనిషికి సరిపడేది. ఇచ్చినా ఒక్కరే కూర్చుంటారు, నది నిలబడే ఉంటుంది. గంట కొట్టినవాడు "నిలబడండి" అన్నాడు. అంటే ఊరంతటికీ సరిపోవాలంటే "కూర్చోండి" కావాలి.

"అయ్యా, ఒక్కసారి నోరు తెరుస్తారా?"

వెయ్ జుంగ్ నోరు తెరుస్తాడు. పాన్ దువో లోపలికి తొంగి చూస్తాడు. ఆజ్ఞలు వరసగా, అరిగిపోయి, మెరుస్తూ ఉన్నాయి: రా, పో, తే, నోర్ముయ్, నిలబడు. బాగా లోపల, ఆఖరి దంతం వెనక, పాలపన్నంత చిన్నగా ఒక "అండి" ఉంది. దాన్ని చాలా కాలంగా వాడలేదు. దుమ్ము పట్టి ఉంది.

"ఇది ఎవరి కోసం దాచారు?"

అధికారి నోరు మూసుకుంటాడు.

"మా నాన్న కోసం," అంటాడు చివరికి.

గుమాస్తాలు పని ఆపేస్తారు. వెయ్ జుంగ్ వాళ్ళ వంక చూడకుండా చెబుతాడు. "చిన్నప్పుడు పద్యం అప్పజెప్పలేకపోయాను. మూడో పాదం దగ్గర ఆగిపోయాను. నేనొచ్చేదాకా అక్కడే నిలబడు అన్నాడు నాన్న. అని బయటికెళ్ళాడు. ఆ పూట వాగు పొంగింది. ఆయన మళ్ళీ రాలేదు. కూర్చోమని నాతో ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు? ఆ మాట ఆయనది. నిలబడే పెద్దవాణ్ణయ్యాను. నిలబడే పరీక్షలు రాశాను, నిలబడే పెళ్ళి చేసుకున్నాను. నా పల్లకీ చూశావు కదా, పైకప్పు ఎందుకంత ఎత్తుగా ఉంటుందనుకున్నావు?"

"మరి మా అందర్నీ నిలబెట్టడం ఎందుకండి?"

"ఒక్కణ్ణే నిలబడితే అందరూ నన్నే చూస్తారు."

పాన్ దువో నాలుక మీద ఇంకో రెండు ఉపాయాలు సిద్ధంగా ఉన్నాయి. రెండూ మంచివే. అతను వాటిని అనడు. ఆ వాచిన పాదాల వంక చూస్తాడు. ఒక మాట కోసం ఇన్నేళ్ళుగా నిలబడి ఉన్న పాదాలు అవి. పొయ్యి పక్కన ఉన్న పాదాలను అతను ఈ మధ్య సరిగ్గా చూడలేదు. చూడకుండానే గిన్నె అందుకుంటున్నాడు.

"మీ నాన్నగారు ఎలా దగ్గేవారు?" అని అడుగుతాడు.

వెయ్ జుంగ్ దగ్గి చూపిస్తాడు. పొడి దగ్గు, చివర్లో గొంతు సవరించుకోవడం.

"అది కాసేపు నాకివ్వండి."

పాన్ దువో ఆ దగ్గును పిడికిట్లో పట్టుకుని, కొక్కేల మీదుగా కిందికి దిగి, గుమ్మం దాటి బయటికి వెళతాడు. గుమ్మం బయట దగ్గును వేసుకుంటాడు. దగ్గు వెంట గొంతు వస్తుంది. గొంతు వెంట గడ్డం వస్తుంది. గడ్డం బరువుకు నడుం వంగుతుంది. నడుం వంగేసరికి చెప్పుల్లోంచి వాగు నీళ్ళు కారడం మొదలవుతుంది. అంతకంటే అతను చేసేదేమీ లేదు. గుమ్మంలో నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గుతాడు.

"పెద్దయ్యగారు వచ్చారు!" అని గుమాస్తా కేక పెడతాడు.

పైన వేదిక మీద వెయ్ జుంగ్ చిన్నవాడవుతాడు. అంగీ చేతులు వేళ్ళ కిందికి జారతాయి. బూట్లు ఆయనకు పడవలంత అవుతాయి. ముసలాయన పైకి వచ్చేసరికి, అధికారి టోపీ కింద ఒక పిల్లవాడి గడ్డం మాత్రమే కనిపిస్తుంది.

"నాన్నా, నేనింకా నిలబడే ఉన్నాను."

"చూస్తున్నానురా."

"మూడో పాదం గుర్తొచ్చింది. చెప్పనా?"

"అక్కర్లేదు. ఆ పద్యం అంత గొప్పదేమీ కాదు. కూర్చో."

పిల్లవాడి మోకాళ్ళు వంగుతాయి. సగానికి వచ్చి ఆగిపోతాయి. పిల్లవాడు కంగారుగా చూస్తాడు. నాన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయన ఒంటి మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఏ కొడుకు కూర్చోగలడు?

"మీరు నిలబడి ఉంటే నేనెలా కూర్చుంటాను? ముందు మీరు కూర్చోండి, నాన్నా," అంటాడు.

పెద్దవాళ్ళను ఎలా పిలవాలో అలా, నిండు మనసుతో, ఇచ్చేస్తాడు. ఆ మాట ముసలాయనకు సరిపోయి, ఇంకా బోలెడు మిగులుతుంది. మిగిలింది వేదిక దిగి, కచేరీ దాటి, వీధుల్లోకి పోతుంది. గుమాస్తాలు కూర్చుంటారు. కచేరీ కూర్చుంటుంది, నేల నేలవుతుంది. పెరట్లో కుక్క కూర్చుంటుంది. వంతెనలు, గాదెలు, కొండ దారులు కూర్చుంటాయి. మండలం పొడుగునా మోకాళ్ళు వంగుతున్న చప్పుడు వినిపిస్తుంది, ఎండిన చింతకాయలు విరిచినట్టు.

ముసలాయన కూర్చుంటాడు. పిల్లవాడు ఆయన పక్కన కూర్చుంటాడు. పాన్ దువో ఆ గడ్డం లోపల గెలిచినవాడిలా నవ్వుకుంటాడు. అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. కూర్చోండి అన్నాడు, అంతే. పడుకోండి అనలేదు.

అప్పుడు పిల్లవాడు మెల్లగా పక్కకు ఒరుగుతాడు. ముసలాయన తొడ మీద తల పెట్టి, కాళ్ళు ముడుచుకుని, పడుకుంటాడు. అలా పడుకోమని ఎవరూ చెప్పలేదు. కూర్చున్న మనిషికి పడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని పాన్ దువోకి అర్థమవుతుంది. ఇంత చిన్న విషయం తనకు ముందే ఎందుకు తట్టలేదా అని అతను ఆశ్చర్యపోతాడు. నవ్వు అతని మొహం మీంచి ఎక్కడికో వెళ్ళిపోతుంది.

"నువ్వు మా నాన్నవి కాదు," అంటాడు పిల్లవాడు కళ్ళు మూసుకునే.

"ఎప్పుడు తెలిసింది?"

"గుమ్మం దగ్గరే. మా నాన్న దగ్గేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు కాదు."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావు?"

"ఎవరో ఒకరు రావాలిగా."

పాన్ దువో ముసలాయనను ఒంటి మీంచి జాగ్రత్తగా విప్పి, మడత పడకుండా అక్కడే కూర్చోబెడతాడు. అది పిల్లవాడి తలను ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉంటుంది. మధ్యమధ్యలో దగ్గుతుంది. పాన్ దువో కచేరీ దాటి పరుగందుకుంటాడు.

ఎర్వాన్ చేరేసరికి నది పడుకుని ఉంది. కిందికి వచ్చి ముందు కాసేపు కూర్చుందట, తరవాత తనంతట తనే నడుం వాల్చిందట. రేవు మెట్ల మీద ఊరంతా ఎక్కడివాళ్ళు అక్కడ పడి నిద్రపోతున్నారు. గూ మాత్రం మేలుకుని ఉన్నాడు. అతని భార్య పడవ దిగి వచ్చి, తను పైన పస్తులుంటే ఇతను కింద ఏం ఒరగబెట్టాడో చెప్పమంటోంది. గూ ఆమె తిట్లను కళ్ళార్పకుండా వింటున్నాడు. ఇంత హాయి అతను జన్మలో ఎరగడు.

"దువో! మొనగాడివిరా!" అని అరుస్తాడు.

పాన్ దువో చెయ్యి ఊపి, పడుకున్న మనుషుల మధ్య చూసి చూసి అడుగులు వేస్తూ, ఇంటికి వెళతాడు.

అమ్మ పీట మీద కూర్చుని ఉంది. మధ్యాహ్నపు ఎండ గుమ్మంలోంచి ఆమె ఒళ్ళోకి వచ్చింది. ఆమె మంచం మీద పక్క దులిపి, దుప్పటి పరిచి, అంతా సిద్ధం చేసుకుంది.

"నదికి ఎవరూ చెప్పకుండానే పడుకుందటగా," అంటుంది.

"విన్నాను."

"నువ్వు కూర్చోమనడం దాకానే తెద్దామనుకున్నావు."

"అవును."

"నాకు తెలుసులే. నా కడుపున పుట్టావు, నీ బుర్ర ఎటు తిరుగుతుందో నాకు తెలీదా?" ఆమె కోపంగా లేదు. "నా అంతట నేను వాలలేను. వీపు కింద చెయ్యి పెట్టు."

పాన్ దువో ఆమె దగ్గరికి వెళతాడు. అప్పుడు అతనికి ఒక ఉపాయం తడుతుంది. జీవితంలో తట్టిన వాటన్నిటిలోకీ మంచి ఉపాయం. పులీ యముడూ కూడా దాని ముందు పిల్లల ఆటలు. ఆ ఉపాయంతో ఆమె ఈ పీట మీద కొండలు అరిగేదాకా కూర్చుని ఉంటుంది. అతను దాన్ని నాలుక మీద ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, మింగేస్తాడు. అది గొంతు దిగడానికి చాలాసేపు పడుతుంది.

తరవాత ఒక చెయ్యి ఆమె వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద పెట్టి ఎత్తుతాడు. ఆమె తడి ఆరిన బట్టంత తేలిగ్గా ఉంది. మంచం మీద పడుకోబెడతాడు. కాళ్ళు చాపుతాడు. పాదాలు చేతుల్లోకి తీసుకుని వాపు తగ్గేదాకా మెల్లగా ఒత్తుతాడు.

"అబ్బ," అంటుంది ఆమె. "ఇదిరా నాకు కావలసింది." కాసేపు ఆగి, "గంజి చల్లారిపోతోంది, తాగు," అంటుంది.

అతను గంజి తాగుతాడు. గిన్నె ఖాళీ అయ్యేసరికి ఆమె ఊపిరి ఆగిపోయి ఉంటుంది. లోపలి జబ్బు కూడా ఆమె పక్కన ఒత్తిగిలి, చేతులు ముడుచుకుని, కదలకుండా ఉంటుంది. అది ఇంత చిన్నదని పాన్ దువో ఎప్పుడూ అనుకోలేదు. దాని మీదికి కూడా దుప్పటి లాగుతాడు.

గిన్నె కడిగి బోర్లించడానికి వెళితే, పొయ్యి వెనక గోడలో ఇంతకుముందెప్పుడూ లేని గది కనిపిస్తుంది. గదికి తలుపు లేదు. లోపల ఎండ ఉంది, ఈ ఎండ కాదు, ఏదో తోటలోది. చాలామంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఒకరి తల ఒకరు దువ్వి జడలు అల్లుతున్నారు. వాళ్ళందరూ ఒక్కో వయసులో ఉన్న అమ్మే. అందరికంటే వెనకున్నామె తెల్లటి జుట్టుతో, ఇప్పుడే వచ్చి కూర్చున్నట్టు, చోటు సర్దుకుంటోంది. అందరికంటే ముందున్నది పెళ్ళి కాని పిల్ల. జుట్టు తడిగా ఉంది. రేగుపళ్ళు తింటోంది.

"ఎవరు నువ్వు?" అంటుంది ఆ పిల్ల.

ఎవరడిగినా నోటికొచ్చిన పేరు చెప్పడం అతనికి అలవాటు. ఇప్పుడు నోటికి ఏదీ రాదు. "పాన్ దువో," అంటాడు.

"దువో. బాగుంది. ఎవరు పెట్టారు?"

"మా అమ్మ."

"ఆవిడకి ఇంక దీంతో పని ఉందా?"

పాన్ దువో మంచం వైపు చూస్తాడు. "లేదు."

"అయితే నాకిచ్చెయ్యి."

ఇస్తాడు. ఆ పిల్ల రేగుగింజ ఉమ్మేసి, పేరును అరచేతిలో పెట్టుకుని ఊది, తుడిచి, తరవాత ఎవరికైనా పెట్టడానికి పనికొస్తుందని నోట్లో వేసుకుంటుంది. ఆ పిల్ల వెనక కూర్చున్నామె జడ అల్లడం మళ్ళీ మొదలుపెడుతుంది. పేరు లేని మనిషి గోడకు ఆనుకుని చూస్తూ ఉంటాడు. పిల్ల పెదవులు మూసుకుని, కదలకుండా, జడ వేయించుకుంటుంది. ఆమె ఎడమ బుగ్గ కొద్దిగా ఉబ్బి ఉంది.